బెంచీ తీసేసిన లెక్క

ఆ వీధిలో ఆమెను కాలేజీ అంటారు. ఆ పేరు పెట్టింది ఎదురు జెరాక్స్ షాపాయన. ఇరవై తొమ్మిదో ఏట డిగ్రీలో చేరిన మనిషిని ఇంకేమని పిలవాలో ఆయనకు తోచలేదు.

ఆమె పని బట్టలు సరిచేయడం. ప్యాంట్లు పొట్టి చేయడం, నడుములు వదులు చేయడం, పాడైన జిప్పులు మార్చడం. కొట్టు పెద్దమ్మది. ఎనిమిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు. గోడవారన కుట్టుమిషను, వెనక ఇస్త్రీ బల్ల, గుమ్మం పక్కన నలుగురు పట్టే చెక్క బెంచీ. పద్నాలుగో ఏట ఆ మిషను ముందు కూర్చుంది. పదిహేనేళ్ల తర్వాత, పొద్దుటిపూట కాలేజీ, మధ్యాహ్నం నుంచి కొట్టు అని పెద్దమ్మతో ఒప్పందం చేసుకుంది.

తీసుకున్నవి సోషియాలజీ, ఎకనామిక్స్. రెండూ కలిపి ఒకే డిగ్రీ.

“రెండెందుకే?” అంది పెద్దమ్మ.

“ఒకటేమో మనుషులు ఏం చేస్తారో చెబుతుంది. ఇంకోటి ఎందుకు చేస్తారో చెబుతుంది.”

“ఏది ఏది?”

ఆమె ఆలోచించింది. “ఇంకా తెలీదు.”

“ఒక సూదిలో రెండు దారాలు. కుట్టు గట్టిగానే వస్తుంది. ఎక్కించేలోపు కళ్లు పోతాయి,” అని పెద్దమ్మ చేతిలో ప్యాంటు తిరగేసింది.

ఎకనామిక్స్ కింది అంతస్తులో, సోషియాలజీ మూడో అంతస్తులో. రెండూ కలిపి చదివేవాళ్లు అయిదుగురు. మంగళవారం కింద క్లాసు పదింపావుకు ముగుస్తుంది. పైన క్లాసు పదింపావుకే మొదలవుతుంది. టైంటేబుల్ వేసినవాళ్లు మెట్లను లెక్కలోకి తీసుకోలేదు. ఆ క్లాసుకు ఆమె ఎప్పుడూ ఆలస్యంగానే వెళ్లింది.

రెండో ఏడు ఎకనామిక్స్ సారు ఒక పని ఇచ్చాడు. మీకు తెలిసిన చోట వృథాగా పడి ఉన్నదేదో చూసి లెక్క కట్టమన్నాడు. ఆమె బెంచీ గురించి రాసింది. బెంచీ ఉన్న చోట రెండో మిషను పడుతుంది. కూర్చునేవాళ్ల వల్ల కొట్టుకు వచ్చేదేమీ లేదు. రెండో మిషనుంటే రోజుకు పదకొండు బట్టలు ఎక్కువ తెములుతాయి. అప్పుడు ఎవరూ ఎదురుచూడక్కర్లేదు గనుక బెంచీ అవసరమే ఉండదు. సారు ఇరవైకి పద్దెనిమిది వేసి, కాగితాన్ని నోటీసు బోర్డుకు పెట్టించాడు.

దాన్ని ఆమె కొట్టులో చదివి వినిపించింది. పెద్దమ్మ రెండుసార్లు చదివించుకుంది.

“పద్దెనిమిది వేశాడా?”

“ఊఁ.”

వారం తిరక్కుండా రెండో మిషను వచ్చింది. దానిమీద పనికి పెద్దమ్మ తన ఆడపడుచును రమ్మంది. ఆమె వేరే చోట చేస్తున్న పని మానుకుని వచ్చింది. బెంచీని జెరాక్స్ షాపాయన ఊరికే తీసుకెళ్లి తన గుమ్మం ముందు వేసుకున్నాడు.

అయిదో నెలకు పని తగ్గింది. రేట్లు మారలేదు. కుట్టూ మారలేదు. పొద్దున ఇచ్చిన బట్ట మధ్యాహ్నానికి తయారు. అయినా ఒక మిషను ఖాళీ.

“వదినా, నన్ను పిలిచింది దీనికి దుమ్ము పట్టకుండా చూడ్డానికా?” అని ఆడపడుచు ఒకరోజు అడిగింది. పెద్దమ్మ గుడ్డ తీసి ఖాళీ మిషను తుడిచింది. ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే ఆమెను రావద్దని చెప్పాలి. రమ్మన్న నోటితోనే చెప్పాలి.

ఎదురుగా మాత్రం జెరాక్స్ షాపాయన తీరిక లేకుండా ఉన్నాడు.

“ఏం కాలేజీ, నీ చదువు నాకు బాగా కలిసొచ్చింది. కూర్చున్నోళ్లు ఊరికే కూర్చోలేక ఏదో ఒక కాగితం కాపీ తీయిస్తున్నారు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు గానీ, ఇక్కడ చదివింది నువ్వు, మతొచ్చింది నాకు.”

మూడో ఏడు చివరన ఒక వ్యాసం రాయాలి. రెండు సబ్జెక్టులనుంచీ ఒక్కొక్కరు సంతకం పెట్టాలి. ఏ ఒక్కరు పెట్టకపోయినా డిగ్రీ రాదు. ఆమె కొట్టు గురించే రాయడం మొదలుపెట్టి, పై అంతస్తులో సోషియాలజీ మేడమ్‌కు చూపించింది.

“బెంచీ మీద ఎవరు కూర్చునేవాళ్లు?” అంది మేడమ్.

“కస్టమర్లు.”

“వాళ్లు మీకేమవుతారో చెప్పారు. వాళ్లెవరు?”

ఒక్కో మనిషి ఎన్ని నిమిషాలు కూర్చున్నదీ ఆమె నోటుపుస్తకంలో ఉంది. ఎవరన్నది లేదు.

మరునాటి మధ్యాహ్నం ఆమె వీధి దాటి, పాత బెంచీ మీద కూర్చుంది.

“కాపీయా?” అన్నాడు షాపాయన.

“కాదు. కూర్చుంటాను.”

“కూర్చో. దానికి అలవాటే.”

మూడు వారాలు కూర్చుంది. ఆస్పత్రి ఆయాలిద్దరు డ్యూటీ మారేముందు పావుగంట అక్కడ కలుసుకుంటారు. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన రోజు విడిచి రోజు వస్తాడు. కొట్టు రిజిస్టరులో వెతికితే ఆయన పేరు పదకొండుసార్లు కనిపించింది. అన్నిసార్లూ ఒకే గోధుమరంగు ప్యాంటు. పొట్టి చేయించాడు, మడత విప్పించాడు, నడుము బిగుతు చేయించాడు, వదులు చేయించాడు. చివరికి ప్యాంటు మొదటి కొలతకే వచ్చింది.

ఆమె అడిగింది. ఆయన దాచలేదు.

“ముప్ఫై ఏళ్లు బస్సులో నిలబడ్డానమ్మా. కూర్చోవడానికో చోటుండాలి కదా. చేతిలో పని లేకుండా కూర్చుంటే బాగోదు. అందుకని ప్యాంటు తెచ్చేవాణ్ణి.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు కరెంటు బిల్లు కాపీ తీయిస్తున్నాను. ఇంట్లో ఇరవై కాపీలున్నాయి.”

ఆమె అదంతా రాసింది. మేడమ్ చదివి, ఒక మాట కింద పెన్సిల్‌తో గీత గీసింది. ‘ఒకరి సలహా మీద యజమాని బెంచీ తీసేసింది’ అని ఉందక్కడ.

“ఈ ఒకరు ఎవరు?”

“నేనే మేడమ్.”

“ఆ మాట రాయండి.”

“రాస్తే ఆ లెక్కకు సారు వేసిన పద్దెనిమిదీ రాయాలి. ఆయన సంతకం పెట్టకపోతే మూడేళ్లూ పోతాయి.”

“రాయకపోతే నేను పెట్టను,” అని మేడమ్ కాగితాలు తిరిగి ఇచ్చింది.

సాయంత్రం ఇస్త్రీ బల్ల మీద కాగితం పెట్టుకుని, ‘ఒకరి’ కొట్టేసి ‘నా’ అని రాసింది. కింద మార్కులు రాసింది. మర్నాడు కింది అంతస్తుకు వెళ్లింది.

సారు మొత్తం చదివాడు. ఆమె నిలబడే ఉంది.

“ఎన్ని వేశాను?”

“పద్దెనిమిది సార్. రాశాను.”

“రెండెందుకు తీశాను?”

“మార్జిన్ వదల్లేదని.”

ఆయన మొదటి పేజీకి వెళ్లి మళ్లీ చూశాడు.

“కూడికల్లో తప్పు లేదు.”

“లేదు సార్.”

“కూర్చునేవాళ్ల వల్ల వచ్చేదేమీ లేదని మొదట్లోనే రాసేశారు. దాన్ని మీరు లెక్కపెట్టలేదు. నేను అడగలేదు.”

ఈసారి మార్జిన్ వెడల్పుగా ఉంది. ఆయన అందులోనే సంతకం పెట్టాడు.

ఆ వ్యాసం కూడా ఆమె కొట్టులో చదివింది. పెద్దమ్మ, ఆడపడుచు పని ఆపి విన్నారు.

“ఇప్పుడెంత వేశాడు?” అంది పెద్దమ్మ.

“మార్కులింకా రాలేదు.”

“రాకముందే బెంచీ తెచ్చేద్దాం. కిందటిసారి మార్కులు చూసి చెడిపోయాం.”

కాని రెండో మిషనుంటే బెంచీ పట్టదు. మిషను తీస్తే ఆడపడుచుకు పని లేదు. పెద్దమ్మ టేపు, సుద్ద పట్టుకుని వీధి దాటింది. బెంచీ మీద కండక్టరూ ఒక ఆయా ఉన్నారు. గుమ్మం పక్కన మిగిలిన జాగా ఎంతో ఆమె ముందే కొలిచి పెట్టుకుంది.

“కాస్త దగ్గరగా జరగండి. మధ్యలో సంచీ పట్టేంత వదలండి. చాలు.”

కండక్టరు మోకాలి పక్కన సుద్దతో బెంచీకి అడ్డంగా గీత గీసింది.

“ఇక్కడికి కోయించాలి.”

“మిగిలిన ముక్కో?” అన్నాడు జెరాక్స్ షాపాయన.

“నీకే. కాళ్లు కొట్టించుకో. ఒకటిన్నర మనిషి పడతాడు.”

“ఆ అరమనిషిని ఎక్కణ్ణుంచి తేను?” అన్నాడు గాని, వడ్రంగి దగ్గరికి మోసేటప్పుడు ఒక కొస ఆయనే పట్టుకున్నాడు.

డిగ్రీ ఆ ఎండాకాలం వచ్చింది. పట్టాకు కాపీలు తీసినందుకు షాపాయన డబ్బు పుచ్చుకోలేదు. కాలేజీ ఇప్పుడు పొద్దుటిపూట కూడా కొట్టులోనే ఉంటోంది. ఉద్యోగాలకు దరఖాస్తులు రాసేది కూడా ఇస్త్రీ బల్ల మీదే.

బెంచీ వచ్చిన మొదటివారం కండక్టరు రాలేదు. రెండోవారం సంచీతో వచ్చాడు. గోధుమరంగు ప్యాంటు తీసి ఇచ్చాడు. ఆడపడుచు దాన్ని మిషను మీద పరిచి, పాత కుట్ల గుర్తులు వేలితో తడిమి చూసింది.

“ఏం చేయాలండీ?”

“మీ ఇష్టం,” అని ఆయన కూర్చున్నాడు.