మహల్ కింద మిరపకాయల పోపు

ఊరికే నీడ దొరుకుతుందంటే బుర్రను ఎండలో ఆరేసి వచ్చే రకం నేను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే, తర్వాత నన్ను తిట్టుకునే శ్రమ మీకు తగ్గుతుంది.

1994 చలికాలం. సికింద్రాబాద్‌లో ఒక చిన్న ట్రావెల్స్‌లో టూర్ మేనేజర్‌ని. మావి కుక్ టూర్లు. అంటే బస్సు డిక్కీలో గ్యాస్ పొయ్యి, బియ్యం, పచ్చళ్ళు, వాటితోపాటు వంటమనిషీ వస్తాడన్నమాట. మనవాళ్ళు తాజ్‌మహల్ చూడకుండా ఉండగలరుగానీ చారు లేకుండా ఉండలేరు. అందుకే ఏ ఊళ్ళో దిగినా నా మొదటి బెంగ ఒకటే: పొయ్యి ఎక్కడ పెట్టాలి?

ఆసారి రాజస్థాన్‌లో, కొండమీద పాతకాలపు రాజమహల్ ఉన్న ఊరికి వెళ్ళాం. మా పాక్స్‌లో, అంటే మా భాషలో ప్రయాణికులలో, సైనిక్‌పురి నుంచి వచ్చిన కరుణమ్మ టీచర్ ఉన్నారు. రిటైరయ్యేదాకా చరిత్ర చెప్పారు. ఏటా ఆ మహల్‌ను నల్లబల్ల మీద గీసేవారట, చూసింది మాత్రం లేదు. ‘‘మోకాళ్ళు ఇంక సెలవడుగుతున్నాయి బాబూ. ఈ ఒక్క కొండా ఎక్కించు, మిగతావి బస్సులోంచే చూస్తా,’’ అన్నారు బయలుదేరేటప్పుడే. ఎక్కిస్తానని మాటిచ్చాను.

ఊరి పొలిమేరలో లోకల్ గైడ్ ఎక్కాడు. నా బెంగ వాడికి ఎలా తెలిసిందోగానీ, నేరుగా దానిమీదే గురిపెట్టాడు. మహల్ దారిలోనే తమవాళ్ళ తివాచీల దుకాణం ఉందట. పెరట్లో నల్లా, వేపచెట్టు. పైసా ఇవ్వక్కర్లేదు. వంటయ్యేదాకా మీవాళ్ళు లోపల చల్లగా కూర్చుంటారు, ‘‘బస్ దస్ మినట్, సాబ్!’’ అన్నాడు, పదంటే పదే నిమిషాలని. దీన్ని షాపింగ్ స్టాప్ అంటారనీ, అమ్మకంలో గైడ్‌కు వాటా ఉంటుందనీ నాకు తెలియదా? బాగా తెలుసు. కానీ ఊరికే వచ్చే నీడ! పొయ్యి దింపించాను.

లోపల తివాచీలు పరుస్తూనే ఉన్నారు. ఒకటి చుట్టేలోపు మరొకటి. టీ వచ్చింది, తర్వాత చీరలు వచ్చాయి. నేను లేవమన్నప్పుడల్లా గైడ్ నా భుజం నొక్కి, ‘‘దస్ మినట్!’’ అన్నాడు. అన్నం ఉడికింది, చల్లారింది, తిన్నాం. కొండ కిందికి చేరేసరికి టికెట్ కిటికీ మూసేశారు. మహల్ చూపిస్తానన్నవాడు మాల్ చూపించి పంపాడు.

కరుణమ్మగారు మెట్టు మీద కూర్చుని పైకి చూశారు. ‘‘పర్లేదులే బాబూ, ఇక్కణ్ణుంచి కూడా కనిపిస్తోందిగా,’’ అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ ‘పర్లేదు’ విన్నాక నాకు మండిన మంటకు మా గ్యాస్ పొయ్యి చాలదు. గైడ్ పక్కనే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఈల వేస్తున్నాడు.

‘‘ఏందిది సారూ, వాణ్ణి గట్లనే ఇడిసిపెడ్తవా?’’ అన్నాడు మా వంటమనిషి యాదగిరి. మోండా మార్కెట్‌లో బేరాలాడి పెరిగిన మనిషి, మోసాన్ని సహించడు.

‘‘రేపు పొద్దున చెప్తా,’’ అన్నాను.

మర్నాడు తెల్లారగానే తర్వాతి ఊరికి బయలుదేరాలి. మహల్ కోసం అక్కడి సరస్సును వదులుకుందామా అని బస్సులో అందర్నీ అడిగాను. ముందురోజు తివాచీ కొన్న మిలిటరీ మూర్తిగారే అందరికంటే ముందు చెయ్యెత్తారు. గేటు తెరవగానే కొండెక్కాం. కరుణమ్మగారు ఓ చేత్తో నా భుజాన్ని, మరో చేత్తో గోడనూ పట్టుకుని, మధ్యమధ్య ఆగుతూ పైకొచ్చారు. మహల్ ముందు నిలబడి, నల్లబల్ల మీద గీసినట్టే గాల్లో వేలితో గీసి చూసుకున్నారు.

‘‘అయ్యో, సింహద్వారం కుడివైపుందే! ఇన్నేళ్ళూ ఎడమవైపు గీశాను. ఎంతమంది పిల్లల చేత తప్పు గీయించానో!’’ అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

కిందికొచ్చేసరికి గైడ్ సిద్ధంగా ఉన్నాడు. వంట మళ్ళీ మా పెరట్లోనే కదా సాబ్, అన్నాడు. తప్పకుండా అన్నాను. మావాళ్ళెవరూ దుకాణం గడప తొక్కలేదు, వేపచెట్టుకు అవతల, గాలికి ఎదురువైపు కూర్చున్నారు. లోపల వేరే బస్సులవాళ్ళు తివాచీల మీద వాలి ఉన్నారు. దుకాణం కిటికీలన్నీ పెరటివైపే తెరిచి ఉన్నాయి.

‘‘పచ్చట్ల మిరపకాయలు ఎన్నెయ్యాలె సారూ?’’

‘‘ఎన్నుంటే అన్నీ.’’

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే: ఊరికే వచ్చే నీడ కింద పొయ్యి పెట్టకూడదు, తప్పక పెడితే గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. యాదగిరి చూసుకున్నాడు. కాగిన నూనెలో గుంటూరు మిరపకాయలు పడ్డాయి. ముందు ఒక తుమ్ము వినిపించింది, తర్వాత దగ్గు, ఆ తర్వాత దుకాణమంతా చీరచెంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని రోడ్డు మీదికొచ్చి పడింది. ఒక్కరి చేతిలోనూ పొట్లం లేదు. చివరగా గైడ్ వచ్చాడు, కళ్ళ నిండా నీళ్ళతో.

‘‘యే క్యా హో రహా హై, సాబ్! కబ్ తక్?’’

ఇంకా ఎంతసేపని అడుగుతున్న వాడి భుజం మెత్తగా నొక్కాను.

‘‘బస్ దస్ మినట్, భాయ్.’’