గోడల్లో దాచిన పొగ

"...సోడా తాగితే తేన్పు రాకుండా ఎలా ఉంటుందండీ?"

"వస్తుంది. ఆపుకోమంటున్నాను. ఎవరో కష్టపడి పట్టి సీసాలో పెట్టిన గాలి అది. నువ్వు హాయిగా వదిలేస్తే లీకేజీ."

సీతారత్నం సోడా సగంలోనే గట్టుమీద పెట్టేసింది.

ఆమె భర్త సత్యనారాయణమూర్తికి ఉన్నది ఒకటే జబ్బు. పొగ ఎక్కడ కనబడినా పట్టి దాచాలి. సిమెంటు ఫ్యాక్టరీలో బట్టీ దగ్గరే జుట్టు నెరిసింది. చివర్లో ఆయన్ని కొత్త యంత్రం మీద వేసేరు. గొట్టంలోంచి పైకి పోయే బొగ్గుపులుసు వాయువుని పట్టి, నొక్కి, భూమిలో పాతిపెట్టడానికి సిద్ధం చేసే యంత్రం. రిటైరై కోనసీమ వచ్చేసినా యంత్రం ఆయన్ని వదల్లేదు. వేన్నీళ్ళ పొయ్యి మీద తడి గోనె కప్పి ఇంటిల్లిపాదినీ దగ్గించేరు. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరివాడు తేన్చితే "లీకేజీ" అని మెల్లిగా హెచ్చరించేవారు.

గ్రామసభలో ఒకసారి లేచి నిలబడ్డారు. "రాజోలు వైపు గ్యాసు తీసేసిన బావులున్నాయి. ఫ్యాక్టరీల గాలి తెచ్చి వాటిల్లోకి పంపిద్దాం."

"తీసేటప్పుడే మాకు కంటిమీద కునుకు లేదండి," అన్నాడు నూకరాజు. "ఇప్పుడు పెట్టేటప్పుడు కూడానా?"

"తీసినచోట పెట్టడమే కదయ్యా."

"ఆయ్. ముందు మీ పెరట్లో పెట్టించండి. మీరు బాగుంటే మేమూ పెట్టించుకుంటాం."

బావులు కుదరక గోడలమీద పడ్డారు. గోడకి వేసిన తడి సున్నం ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని రాయిలా అయిపోతుంది. అది నిజమే. గోడ పీల్చేది చిటికెడు, ఆయన చెప్పుకునేది పుట్టెడు.

ఆ ఏడు వరద తీసేక, దిగువ వీధి గోడలన్నిటికీ నడుమెత్తున బురద చార మిగిలిపోయింది. మూర్తి గారు బకెట్టు, కుంచె పట్టుకుని అక్కడ మొదలెట్టేరు. మెరక వీధిలో ప్రెసిడెంటు గారు తన ప్రహరీకి కూడా వెయ్యమంటే, "మీ గోడకి కెపాసిటీ లేదండి," అనేసేరు.

సొంత గోడకీ లేదట. సీతారత్నం మంట అదే.

"మన గుమ్మం పక్క పెచ్చులూడుతున్నాయండి."

"పెయింటు గోడ అది. దానికి ఊపిరాడదు."

"నాకూ ఆడటం లేదు," అని నిట్టూర్చింది.

"లీకేజీ," అన్నారాయన, బకెట్టు అందుకుంటూ. "ఈవేళ సలోమి టీచరు గారిల్లు."

సలోమి టీచరు మిషను బడిలో రిటైరై, ముందుగదిలో పిల్లలకి సైన్సు ట్యూషన్ చెప్పేవారు. వరద తరవాత గదంతా బురద కంపు. పిల్లలు రావడం మానేసేరు. ఇల్లు మూసేసి అమలాపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానంటున్నారావిడ. అలాగని ఎవరి సాయమూ పుచ్చుకోరు. ఎవరో పంచిన బియ్యం బస్తా వెనక్కి పంపేసేరు. నూకరాజు మనుషుల్ని తెచ్చి గోడలు కడిగిస్తానంటే కాఫీ ఇచ్చి సాగనంపేరు. అలాంటి మనిషి దగ్గర ఈయన గోడ పాఠం.

సీతారత్నం వెనకాలే పరిగెత్తింది. అప్పటికే పాఠం నడుస్తోంది.

"సాయం కాదండీ. మీ గోడ నాకు స్టోరేజీ సైటుగా కావాలి. దేశం కోసం."

టీచరు కళ్ళజోడు సర్దుకున్నారు. "గుల్ల సున్నమేనా అండీ?"

"ఆయ్."

"గుల్లలు బట్టీలో కాల్చినప్పుడు పైకి పోయేదీ ఆ వాయువే కదండీ. పోయినంతే మళ్ళీ గోడ పీలుస్తుంది. మరి మీరు దాచిందేంటి?"

మూర్తి గారు నోరు తెరిచేరు. అందులోంచి చిన్న లీకేజీ కూడా రాలేదు. కుంచెలో సున్నం ఆయన చెప్పు మీదికి కారుతోంది.

బట్టీ దగ్గరే బతుకంతా గడిపిన మనిషికి ఈ లెక్క తెలియదా? సీతారత్నం వీధి పొడుగునా చూసింది. ఇటు బురద చారలు పడ్డ గోడలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. అటు మెరక వీధిలో ఆయన సున్నం వేసిన గోడ ఒక్కటీ లేదు.

"దాచిందేం లేదు టీచరు గారూ," అంటూ ముందుకొచ్చింది. "ఈయన ఇంట్లో ఉంటే నేను తేన్చకూడదు, నిట్టూర్చకూడదు. గోడంటూ ఉంటే పొద్దున్న పోయి చీకటి పడ్డాక వస్తారు. ఒక్క వారం ఈయన్ని మీ దగ్గర నిల్వ ఉంచుకోరూ? నన్ను బతికించినవారవుతారు."

సలోమి టీచరు ఆమెనీ, సున్నం కారుతున్న చెప్పునీ చూసేరు.

"వారం చాలుతుందా అమ్మా?"

"వెనక గోడ కూడా ఉంది కదండీ."

టీచరు పెద్దగా నిట్టూర్చేరు. మూర్తి గారు ఏదో అనబోయి, భార్య మొహం చూసి నోరు మూసేసుకున్నారు.

"సోమవారం నుంచి ట్యూషన్ పెడుతున్నానండి," అన్నారావిడ. "పిల్లలకి చెప్పండి."