మా బావ పోగేసిన టేబుల్ ల్యాంపులు

మొన్న కామారెడ్డిలో మా ఆడబిడ్డ కొడుకు కట్టుకున్న కొత్త ఇల్లు చూడబోతే, ముందు గదిలో గాజు బల్ల మీద పాతకాలపు టేబుల్ ల్యాంపు ఒకటి కనిపించింది. పొద్దు వాలుతున్నది కదా అని వెయ్యమన్నాను. "అది వేసుకునేది కాదు అత్తమ్మా, చూసేది" అని నవ్వాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. వెలగని ల్యాంపుల్ని చూసి మురిసిపోయే మనిషిని నేను ఇంతకుముందే ఒకణ్ని చూశాను, మా పెద్దక్క మొగుణ్ని.

నా ఈడువాళ్లకు తెలుసు, డెబ్బయ్యవ దశకం చివర్లో మా దిక్కు గదికొక బల్బు వెలిగితే అదే సంపన్న ఇల్లు. అట్లాంటి రోజుల్లో కామారెడ్డిలో ఏదో ఆఫీసులో పనిచేసే మా బావ, ఊళ్లమీద పడి దొరల గడీల అటకలు, పాత సామాన్ల దుకాణాలు వెతికి టేబుల్ ల్యాంపులు పోగేసేవాడు. వాటన్నిటినీ అద్దాల అల్మారీలో వరసగా నిలబెట్టి, ఇంటికి వచ్చిన ప్రతివాణ్నీ చేయిపట్టి తీసుకుపోయి, ఇది ఇటలీది, ఇది జర్మనీది అని చెప్పేవాడు. నిజామాబాదు దాటి ఎరగని మనిషికి ఇటలీ సంగతి ఎవరు చెప్పారో మాకెవరికీ తెలియదు. ఒక్కదానికీ బల్బు ఉండేది కాదు. వేడికి రంగు పాడవుతుందట!

ఎల్లారెడ్డిలో మా బాపు దర్జీ. కాలువ పనుల మీద వచ్చిన ఇంజినీరొకాయన బదిలీ అయిపోతూ, తన కోట్లు బాగా కుట్టినందుకు మెచ్చుకుని బాపుకు ఒక టేబుల్ ల్యాంపు ఇచ్చిపోయాడు. మెడ ఎటు వంచితే అటు వంగి సరిగ్గా సూది మొన మీద వెలుగు పోసేది. అక్క కుట్టుపని నేర్చుకున్నది దాని కిందనే. బాపు పోయినప్పుడు దినాలకు వచ్చిన మా బావ, అందరూ ఏడుస్తుంటే ఆ ల్యాంపును తిప్పి తిప్పి చూశాడు. పోయేటప్పుడు అడిగాడు. అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనడం తెలియని మా అవ్వ, అంటే మా అమ్మ, దాన్ని తువ్వాలలో చుట్టి ఇచ్చింది. కనీసం బిడ్డ కుట్టుకోవడానికైనా పనికొస్తుందని ఆమె ఆశ.

ఆ ఆశకేం తెలుసు! ల్యాంపు అల్మారీలోకి పోయింది. అక్క వెనక గదిలో, గుడ్డి బల్బు కింద, ఇరుగుపొరుగువాళ్ల జాకెట్లు కుడుతూ కండ్లు నులుముకుంటూనే ఉంది. బాపు ల్యాంపు మిషన్ దగ్గర పెట్టుకుంటానంటే, "నూనె చేతులు తగిలితే ఖరాబైతది, నీకు కిటికి ఉన్నది గద" అన్నాడట ఆ మహానుభావుడు.

మర్నాడు ఆయన ఆఫీసుకు పోగానే అక్క అల్మారీ తెరిచి, ల్యాంపు ఒళ్లో పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కింది. లింగంపేట దగ్గర ఎక్కిన ఒక ముసలి సాయిబుల అమ్మ పక్కన కూర్చుని, కింద వేలాడుతున్న వైరు చుట్ట చుట్టి చేతికిస్తూ, "ఏంది బిడ్డా, పెండ్లి సామానా?" అని అడిగిందట. "కాదమ్మా, మా బాపుది" అని చెప్పి, బాపు పోయిన నాటినుంచి రాని ఏడుపంతా అక్క ఆ బస్సులోనే ఏడ్చిందట.

ఆ వారంలోనే మా బావ దిగాడు. అక్క ల్యాంపుకు కొత్త బల్బు పెట్టి, ఆ వెలుగులో బాపు మిషన్ మీద బడిపిల్లల నిక్కర్లు కుడుతున్నది. అవ్వ ఇచ్చిన చాయ పక్కన పెట్టి, పెండ్లాన్ని పలకరించకుండా, ఆయన ల్యాంపు టోపీ మీదికి వంగి గీతలు వెతికాడు.

"సామాను చూసుకున్నరు గద, ఇగ మనిషిని గూడ చూడుండ్రి" అన్నది అవ్వ.

"ఆమె మనసు కుదుటపడ్డంక వస్తది. దీన్ని మాత్రం ఇయ్యాల్నే తీస్కపోత."

నేను వాకిట్లో నిలబడి విన్నాను. అంత సిగ్గులేని మాట నా జన్మలో మళ్లీ వినలేదు. అక్క మిషన్ ఆపింది. వైరు పీకి, కొంగు చుట్టుకున్న చేత్తో వేడి బల్బు విప్పుకుని, ల్యాంపు ఆయన చేతిలో పెట్టింది.

"తీస్కపో. బల్బుతోని నీకు పనిలేదు గద."

మా బావ దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని బస్టాండు దిక్కు పోయాడు. అక్క ఆ బల్బును దూలానికి వేలాడే హోల్డరులో పెట్టి, ఆగిన కుట్టు దగ్గరే మళ్లీ మొదలుపెట్టింది.

తర్వాత పెద్దమనుషులు వచ్చారు, నచ్చజెప్పారు. అక్క పోలేదు. ఊళ్లో ఆడపిల్లలకు కుట్టు నేర్పుతూ ఎల్లారెడ్డిలోనే ఉండిపోయింది. ఆయన పోయాక అన్నదమ్ములు ఆ అల్మారీని ఏం చేశారో మేం అడగలేదు.

నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది అవ్వ. ఒక్క గది, ఒక్క చాప ఉన్న ఆ ఇంట్లో, వచ్చిన బిడ్డను ఎన్నాళ్లుంటావని ఒక్కనాడూ అడగలేదు. జరిగి చోటిచ్చింది, అంతే. ఈనాడు మా ఇంట్లో గదులున్నాయి, మంచాలున్నాయి. అయినా ఎవరన్నా సంచితో గుమ్మంలో నిలబడితే, నా నోట మొదట వచ్చే మాట, తిరుగు బస్సు ఎప్పుడని.