రంగు పొయ్యాలంటే వాకిలి మూయాల

కంప్యూటరు ముందు కూర్చుని మౌసు మీద చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు మా అక్క గుండురాయి గుర్తుకొస్తుంది. ఏట్లో దొరికిన నల్లరాయి అది, అరచేతిలో సరిగ్గా ఇమిడేది. ఇంట్లో కొత్తగా మట్టి మెత్తి, నేల ఇంకా పచ్చిగా ఉండగానే అక్క గొంతుక్కూర్చుని ఆ రాయితో రుద్దుతూ, లోపలి మూల నుంచి గడప దాకా వెనక్కి వెనక్కి జరుగుతూ వచ్చేది. ఆరినాక ఆ నేల ఎంత నున్నగా ఉండేదంటే, ఎండాకాలం మధ్యాహ్నాలు చొక్కా విప్పి పొట్ట ఆనించి పడుకుంటే చల్లదనం ఒళ్ళంతా పాకేది, పేడా ఎర్రమన్నూ కలిసిన వాసన ముక్కులోనే ఉండిపోయేది. అక్క చేతిలో ఆ రాయి చెప్పినట్టు వినేది. నా చేతిలో ఈ మౌసు వినదు. డెబ్బై మూడేళ్ళ చెయ్యి, నలభై ఏళ్ళు నాపరాయి కొట్టిన చెయ్యి. తెర మీద బాణాన్ని ఒక ఇంటి గోడ దగ్గర నిలబెట్టాలని చూస్తే అది నాలుగు మిద్దెలు దాటిపోయి నిలబడుతుంది.

ఈ వయసులో నేను ఓర్వకల్లు బస్టాండు పక్కన జిరాక్సు అంగట్లో కూర్చుని బొమ్మలెందుకు గీస్తున్నానో చెప్పాలి. మా అక్క దీనమ్మ నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నేను పాకుతుండగానే అమ్మ చనిపోతే నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మా ఊరు నీళ్ళలో మునిగి నలభై ఏళ్ళు దాటింది. ఎక్కడో కింద ఆనకట్ట కట్టారు, నీళ్ళు వెనక్కి తన్ని మా మీదికి వచ్చాయి, మమ్మల్ని తెచ్చి ఈ కాలనీలో పెట్టారు. ఇన్నేళ్ళు అక్క ఆ ఊసే ఎత్తలేదు. ఏడాదిగా మాత్రం పొద్దున్నే లేచి, గడప దాటి, కుడిచేత్తో గోడ వెతుక్కుంటోంది. పాత ఇంట్లో గడప దాటగానే కుడిపక్క పక్కింటి గోడ ఉండేది. ఈ ఇంట్లో కుడిపక్క మురుగుకాలువ. రెండుసార్లు పడింది.

"ఒరే సుందరా, మన ఈది యాడికి పోయిందిరా? ఒక్కసారి చూపీరా," అంటుంది.

చూపడానికి ఒక్క ఫోటో లేదు. ఆ వీధిలో పుట్టినవాళ్ళలో బతికి ఉన్నది మేమిద్దరమే. పైగా అక్క కళ్ళు పోతున్నాయి. గీతలు కనపడవు, మనుషుల మొహాలు కనపడవు. రంగులు మాత్రం, అవీ పెద్దగా ఉంటే, కనపడతాయి. అవి కూడా ఎన్నాళ్ళో ఉండవని కర్నూలు కంటి డాక్టరు మొహం మీదే చెప్పాడు. అందుకే ఆ రంగులు పోయేలోపల ఆమె వీధిని ఆమెకు చూపాలనుకున్నాను.

అక్షరాలు నాకు నలభై దాటినాక వచ్చాయి. చర్చి వసారాలో సాయంత్రం బడి పెడితే, మీసం నెరిసినవాడు పలక చంకన పెట్టుకుని పోతున్నాడని కాలనీ అంతా నవ్వింది. ఆ నవ్వు ముందు ఈ కంప్యూటరెంత అనుకున్నాను. తప్పు. పలకంటే ఒక్క పలకే. దీంట్లో ఏ పనికి ఏది తెరవాలో తెలుసుకునేసరికి మనిషికి సగం ఓపిక అయిపోతుంది. మొదట ఫోన్లో మ్యాపు చూశాను; మా ఊరున్నచోట నీలం తప్ప ఏమీ లేదు. అర్జీలు టైపు చేసేదాంట్లో గళ్ళు గీసి వాటినే ఇళ్ళనుకుందామంటే, ఒక ఇల్లు పెద్దది చేస్తే మిగతా ఇళ్ళన్నీ తోసుకుంటూ కింది పేజీలోకి పోయాయి. తర్వాత, నోటితో చెబితే తనే బొమ్మ వేసిచ్చేది ఒకటుందన్నారు. మా ఊరు ఎట్లుంటుందో చెప్పాను. అది కొబ్బరిచెట్లు వేసింది, పెంకుటిళ్ళు వేసింది, పచ్చటి వరిపొలంలో తెల్లకొంగల్ని నిలబెట్టింది. మా ఊళ్ళో కొబ్బరికాయ కనపడిందంటే అది అంగట్లోంచి వచ్చినదే. దాన్ని మూసెయ్యమని అంగడామెకు చెప్పాను.

చివరికి మిగిలింది చిన్నపిల్లలు గీసుకునేది: ఒక పెన్సిలు, ఒక బ్రష్షు, రంగు పోసే ఒక బకెట్టు. అంగడి షమీమ్‌ది. నలభై ఏళ్ళ మనిషి, నోరు పెద్దది, మనసూ పెద్దదే. నన్ను మామా అంటుంది, కనపడగానే ఏదో ఒకటి అనకుండా ఊరుకోదు.

"మళ్ళా వచ్చినావా మామా? తాజ్‌మహల్‌ కూడా ఇంత నిదానంగా కట్టలేదు గదా."

వీధిని గీస్తుంటే ఒక్కొక్క ఇల్లూ దాని వాసనతో సహా వచ్చేది. ఏడిళ్ళు, అన్నీ మట్టిమిద్దెలు, ఒకదాని గోడ ఒకదానికి ఆనుకుని ఉండేవి. మొదటి మిద్దె ఎక్కితే ఏడో మిద్దె దాకా కాలు కింద పెట్టకుండా పరిగెత్తేవాళ్ళం, కింద నుంచి ముసలివాళ్ళు మన్ను రాలుతోందని తిడుతూనే ఉండేవాళ్ళు. వాన కారు ముందు, చినుకు లోపలికి దిగకుండా, పెద్దలు చవుడు మన్ను తెచ్చి మిద్దెల మీద పరిచి తొక్కేవాళ్ళు. తొలి చినుకు ఆ చవుడు మీద పడినప్పుడు లేచే వాసనకు మేం ఆట వదిలేసి నోళ్ళు తెరుచుకుని నిలబడేవాళ్ళం. చలికాలం పొద్దున చెనిక్కాయల కట్టె మంట చుట్టూ చేరి, రాత్రి మిగిలిన జొన్నరొట్టెను నిప్పుల మీద కరకరలాడేలా కాల్చి, ఊరిబిండి పచ్చడి పూసుకుని తినేవాళ్ళం. క్రిస్మసు ముందు మూడు రోజులు వీధి వీధంతా బెల్లం పాకం వాసన. అక్క పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే ఓళిగలు పల్చగా తట్టేది, మొదటిది నాకు, మాడినది తనకు. వీధి చివర మెట్లు దిగే బావి. దాని మెట్ల మీద ఆడపిల్లలు అచ్చనగాళ్ళు ఆడుతుంటే రాళ్ళ చప్పుడు లోపల నీళ్ళ దాకా పోయి తిరిగి వచ్చేది.

ఆ బావితోనే గొడవ మొదలైంది. గుండ్రంగా గీసి, మెట్లున్న వైపు సందు వదిలాను, దిగేవాళ్ళకు దారి ఉండాలి కదా. నీలం రంగు బకెట్టు తీసుకుని బావిలో నొక్కాను. రెప్ప వేసేలోపల బావి నుంచి వీధిలోకి, వీధి నుంచి వాకిళ్ళ గుండా ప్రతి ఇంట్లోకి, తెర అంతా నీలమైపోయింది.

"అయ్యో మామా, ఊరు ముంచినావే!" అని నవ్వింది షమీమ్. అన్నాక నాలుక కరుచుకుంది. గబగబా రెండు మీటలు నొక్కింది. నీలం పోయింది. ఇళ్ళు మళ్ళీ తేలాయి.

తేలిన ఇళ్ళను ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. తర్వాత అడిగాను, "ఎంత దూరం వెనక్కి పోతాదమ్మా అది?"

"ఇప్పుడు చేసింది మటుకే మామా. మూసి తెరిస్తే అది కూడా వెనక్కి పోదు." కుర్చీ నా పక్కకు లాక్కుంది. "ఈడ చూడు, గీతలో సందుండాది. సందుంటే రంగు కారిపోతాది. మూయాల."

"సందు కాదమ్మా, అది వాకిలి."

మా వైపు తలుపునే వాకిలంటాం. ప్రతి ఇంటికీ నేను మూడు గోడలు పూర్తిగా గీసి, నాలుగో గోడలో వాకిలికి చోటు వదిలాను.

"వాకిలైనా సరే, మూయాల."

"వాకిలి మూసిన ఇల్లు ఇల్లెట్లయితాదే?"

"మామా, అది నీకు తెల్సు, నాకు తెల్సు. ఈ డబ్బాకు తెలీదు."

మూయనని లేచి వచ్చేశాను. ఆ డబ్బా తప్పేమీ లేదు, నా మొండితనమే. మర్నాడు బ్రష్షుతో కొంచెం కొంచెంగా పూద్దామని కూర్చున్నాను. ఒక ఇంటికే మధ్యాహ్నమైంది, చెయ్యి వణికి రంగు గోడలు దాటింది, అంతా కోడి కెలికినట్టయింది. ఐదు రోజులు అట్లాగే పోయాయి. ఐదో రోజు ఇంటికి పోయేసరికి అక్క మోచేతికి కట్టు ఉంది. మళ్ళీ గోడ వెతుక్కుంది.

వాకిలి మూయడం నాకెందుకు చేతకాలేదో చెప్పాలంటే సుగ్గి గురించి చెప్పాలి. మా చిన్నప్పుడు పంట పోయిన ఏడు, అంటే మూడేళ్ళలో రెండేళ్ళు, జనం పనుల కోసం దూరం ఊళ్ళకు మూటాముల్లె కట్టుకుని పోయేవాళ్ళు. దాన్నే సుగ్గికి పోవడం అనేవాళ్ళం. మామూలు రోజుల్లో మా వీధిలో పగటిపూట వాకిలి మూసిన ఇల్లంటూ ఉండేది కాదు; కోళ్ళూ పిల్లలూ ఏ ఇంట్లోంచి ఏ ఇంట్లోకైనా పోయేవాళ్ళం. సుగ్గికి పోతే మాత్రం వాకిలి మూసి, కుక్కలూ మేకలూ రాకుండా అడ్డంగా ముళ్ళకంప పెట్టేవాళ్ళు. నాకు ఆరేళ్ళప్పుడు ఆరిళ్ళ వాళ్ళు ఒకేసారి పోయారు. మా నాయన కూడా పోయాడు. వీధిలో మిగిలింది అక్కా నేనూ. ఆ ముళ్ళకంపల మధ్య నడుస్తుంటే నా అడుగుల చప్పుడు నాకే వినపడేది, గోలీలాడదామంటే ఎదురు మనిషి లేడు. అక్క మాత్రం రోజూ పొద్దున మా ఇంటి ముందు ఊడ్చినట్టే, మూసి ఉన్న ఆరిళ్ళ ముందూ ఊడ్చి నీళ్ళు చల్లేది. ఎవరూ లేని ఇళ్ళకు ఎందుకని అడిగితే, "వచ్చినోళ్ళకు పాడుబడినట్ల కనపడగూడదురా," అంది. నాయన ఎప్పుడొస్తాడంటే, రోజూ ఒకటే మాట: "వాన పడితే వస్తాడు."

వాన పడింది, వచ్చారు. ముళ్ళకంపలు పక్కకు లాగిన రోజున వీధంతా ఒకటే పొగ, ఒకటే కూడు వాసన.

తర్వాత ఎన్నో ఏళ్ళకు ఊరు ఖాళీ చెయ్యమన్నప్పుడు, అందరూ చేసినట్టే నేనూ మా వాకిలిని ద్వారబంధంతో సహా పెకలించి లారీలో వేశాను. అక్క లారీ ఎక్కకుండా గడప ఉన్నచోటే నిలబడి, "వాకిలి లేకుండా ఇడిసిపెట్టి పోతాండామేరా," అంది. ఆ వాకిలి కాలనీ ఇంటికి పట్టలేదు. ఇటుకల మీద పెట్టి బల్ల చేశాం, చెదలు తిన్నాయి.

ఆరో రోజు అంగడికి పోయి కూర్చుని, ఒక్కొక్క వాకిలికీ అడ్డంగా గీత గీశాను. ఏడు గీతలు. బావి మెట్లు కూడా మూశాను. షమీమ్‌ పక్కన కూర్చుని, ఎక్కడైనా సందు మిగిలితే వేలితో చూపింది. మా ఇంటికి ఎరుపు, సున్నం కొట్టిన పక్కింటికి తెలుపు పోస్తే కనపడదని పసుపు, బావికి నీలం. రంగులు ఎక్కడివక్కడ నిలిచాయి. ఆమె దాన్ని కాగితాల మీద ముక్కలు ముక్కలుగా తీసి, అతికించి, దుప్పటంత చేసి ఇచ్చింది.

మధ్యాహ్నం ఎండలో అరుగు మీద పరిచాను. అక్క వంగి, ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా మొహం పెట్టింది. వేలు మెల్లగా కదిలింది.

"ఈ ఎరుపు మనిల్లు."

"ఔనక్కా."

"ఈ పసుపు పక్కిల్లు. గోడ ఈడుండాది. ఈ నీలం బాయి." వేలు మా ఇంటి దగ్గరికి తిరిగి వచ్చి ఆగింది. "వాకిలి తెరిచుండాదా?"

ఆమెకు గీత కనపడదు. తెరిచే ఉందంటే సరిపోయేది. అక్కతో నేనెప్పుడూ అబద్ధమాడలేదు.

"మూసినానక్కా. అన్నీ మూసినా."

అక్క వేలు ఒక్కొక్క ఇంటి మీదా ఆగుతూ బావి దాకా పోయింది. "అందరూ సుగ్గికి పోయినారా," అంది. గొంతులో భయం లేదు. "చీపురు తేపో. ముందర ఊడ్చి పెడదాం."

ఆ రోజు నుంచి అక్క గోడ వెతకడం మానేసింది. పొద్దున్నే అరుగు మీద కాగితం పక్కన కూర్చుంటుంది, చీపురందుకుని కూర్చున్నచోటే చెయ్యి అందినంత మేర ఊడుస్తుంది. మట్టిమిద్దెలు లేవు, చవుడు తొక్కేవాళ్ళు లేరు, గుండురాయి ఆ నీళ్ళ అడుగున ఎక్కడో ఉంటుంది. వాళ్ళెప్పుడొస్తారని అక్క రోజూ అడుగుతుంది. వాన పడితే వస్తారని చెబుతున్నాను. ఈ ఏడు ఇంకా పడలేదు.