మావోడు బెదురుతడు

కార్వాన్‌లో మా పక్కింటి పాలవ్యాపారికి తన దున్నపోతంటే ప్రాణం. దీపావళి తర్వాత దున్నపోతులను అలంకరించి తిప్పే సదర్ ఊరేగింపులో దాన్ని పైనుంచి వీడియో తీయాలని, కెమెరా డ్రోన్ కోసం నన్ను దుకాణాలన్నీ తిప్పాడు. ఏది ఎగరేసి చూపినా చెవి రిక్కించి, "చప్పుడు మస్తున్నది తమ్మీ. మావోడు బెదురుతడు. ఇంకోటి చూద్దాం," అనేవాడు.

"చప్పుడు లేనిది ఏడుంటదన్నా?" అని విసుక్కున్నాను.

"గట్లయితే మనమే చేస్కుందాం."

విడిభాగాలు తెచ్చి నేనే బిగించాను. రెక్కలు మార్చమని ఆయన మళ్లీ మళ్లీ విప్పించాడు.

సదర్ నాడు డప్పుల మోతలో డ్రోన్ చప్పుడు నాకే వినపడలేదు. దున్నపోతు తలైనా ఎత్తలేదు. ఆయన మాత్రం "దించు, దించు!" అని అరిచాడు. దించక తప్పలేదు.

ఆ వీడియోలో పూలదండలూ లేవు, ఊరేగింపూ లేదు. దున్నపోతు చెవులు రెండు చేతులా మూసి, పైకి చూస్తూ నన్ను తిడుతున్న ఆయనే ఉన్నాడు.