కొలిచి పోసిన నీళ్లు

నా భార్య గత సోమవారం నంద్యాలలో, మా ఇంట్లోనే కన్నుమూసింది. మూత్రపిండాల జబ్బు. అందరికీ ఫోన్ చేయలేకపోయాను. తెలియనివారికి ఇదే కబురు.

ఆమెది ఆళ్లగడ్డ. కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి మనీప్లాంటు కొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. మా హాల్లో కుండీలన్నీ దాని సంతానమే. మొక్కల గురించి నాకు తెలిసిందంతా ఆమె చెప్పిందే.

వీధిలో ఎవరి మొక్క వాడినా ఆమె దగ్గరికే తెచ్చేవారు. ఒకసారి ఎదురింటి ఇల్లాలు వచ్చింది.

"దినామూ పోస్తాండానక్కా. అయినా వాడిపోతాంది."

నా భార్య కుండీ ఎత్తి బరువు చూసింది. మట్టిలోకి రెండు కణుపుల దాకా వేలు దింపి వాసన చూసింది.

"పోస్తాండావు కాబట్టే."

"నీళ్లకు యాడన్నా చస్తాదా చెట్టు?"

"సీమలో పుట్టినోళ్లం, ఆ చావు మనకేం తెలుసు? ఎండినా, కుళ్లినా ఆకు ఒకే మాదిరి వాలుతాది. ఆకును నమ్మొద్దు, వేరు చూడు."

తర్వాత జబ్బు ముదిరింది. రోజుకు ఒక సీసా నీళ్లే ఇమ్మన్నాడు డాక్టరు. పొద్దున్నే నింపి, గుక్కెడు గుక్కెడు నేనే ఇచ్చేవాడిని. ఆమె ఇంకా అడిగేది. కాదన్న ప్రతిసారీ లేచి వెళ్లి కుండీల్లో పోసేవాడిని. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

పుట్టింటి మొక్క పసుపెక్కింది. పోవడానికి రెండు రోజుల ముందు, శనివారం, దాన్ని మంచం దగ్గరికి తెప్పించుకుంది.

"ఎన్నిసార్లు పోస్తాండావయ్యా దీనికి?"

 పాత పేపరు మీద కుండీ బోర్లించమంది. వేర్లు నల్లగా, మెత్తగా చేతికి అంటుకున్నాయి. తెల్లగా, గట్టిగా ఉన్నవి మూడే.

"నల్లవన్నీ కత్తిరించు. కనికరం చూపిస్తే అంతా పోతాది."

ఇసుక కలిపిన కొత్త మట్టిలో నాటించింది. "పదినాళ్లు చుక్క పొయ్యొద్దు. ఇది నా మాదిరి అడిగి సతాయించదులే," అని నవ్వింది.

సోమవారం పదకొండింటికి, "ఇంకొక్క గుక్క ఇయ్యయ్యా" అంది. సీసాలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లున్నాయి. సాయంత్రానికి ఉండాలి కదా అన్నాను. తడిగుడ్డతో పెదవులు తుడిచాను. ఒంటిగంటకు పోయింది.

ఆళ్లగడ్డ నుంచి అందరూ వచ్చారు. ఒక్కొక్కరూ ఆమె నోట్లో తులసినీళ్లు పోశారు. కొలత ఎవరూ అడగలేదు. నీళ్లు చెంప మీదుగా దిండులోకి కారాయి.

ఈరోజుతో మొక్కకు ఆమె చెప్పిన పదినాళ్లూ గడిచాయి. కుండీ ఎత్తాను. తేలికగా ఉంది. వేలు దింపాను. మట్టి అంటలేదు. తీగ కణుపు దగ్గర గోరంత కొత్త ఆకు. పక్కనే ఆ సీసా, రెండు వేళ్ల నీళ్లతో. మూత తీయడానికి చేయి రావడం లేదు.