డ్రిల్లు అయ్యవారిని ఒడ్డుకు లాగిన రోజు

మొగుడు చేపల వేటకు పోయినన్నాళ్ళూ నాగులమ్మ తెల్లవారకముందే లేచి సద్ది కట్టేది. సముద్రంలో గంగమ్మ తల్లి అతన్ని తీసుకుపోయాక ఆ పని తప్పింది. కూతురు పేరమ్మ నోట మాటా తప్పింది. బడికి పంపితే పిల్ల మళ్ళీ మాట్లాడుతుందేమోనని ఆశపడితే, అక్కడ కొత్తగా వచ్చిన డ్రిల్లు అయ్యవారు మస్తానయ్య గంతులు వేయిస్తున్నారని తెలిసింది.

"బడంటే చదువుగానీ గంతులేంది? అంతమాత్రానికి ఇంటికాడ ఎండేసిన చేపలు తిరగేస్తే నయం గదా!" అని గొణుక్కుంటూ కూతుర్ని తెచ్చేసుకోవడానికి బయలుదేరింది.

ఆమె వెళ్ళేసరికి మస్తానయ్య ఇసుకలో పొడుగాటి తాడు పరిచి "లాగండి" అంటున్నారు. తాడుకు అవతలి కొసన వలా సముద్రమే ఉంటాయని తెలిసిన పిల్లలు కదా, నలభైమందీ ఒకే కొస పట్టుకున్నారు. "అట్ల కాదురా, సగంమంది ఇటు రండి" అంటూ రెండో కొస ఎత్తిన అయ్యవారు, పిల్లలంతా ఒక్క లాగు లాగేసరికి, బోర్లాపడి, ఇసుకలో జారుతూ వచ్చేశారు. చేయి ఊరుకోక నాగులమ్మ కూడా ఒక పట్టు పట్టింది.

"ఏమ్మా, బిడ్డకోసం వచ్చినావా, నన్ను పట్టేదానికి వచ్చినావా?" అన్నారాయన ఇసుక ఉమ్ముతూ.

"వదలొద్దమ్మా, పెద్ద చేప!" అని పేరమ్మ అరిచింది. అరిచి, పడీపడీ నవ్వింది.

ఇంటి దగ్గర చేపలు ఒక పక్కే ఎండుతున్నాయి. ఎండనీలే అనుకుని, నాగులమ్మ రెండో ఆటకు కొంగు బిగించింది.